ప్లాటినం మందుగా మారిన కథ: బార్నెట్ రోసెన్‌బర్గ్ పరిశోధన



ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం రసాయన శాస్త్రంలో సమన్వయ సమ్మేళనాల పాఠం చదివే ఉంటారు. ఆ పాఠం చివర, వాటి ఉపయోగాలు చెప్పేచోట, సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం సమ్మేళనాన్ని క్యాన్సర్ చికిత్సలో వాడతారని కనిపిస్తుంది. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా వస్తే రాసి వదిలేస్తాం. ఆ ఒక్క వాక్యం వెనుక 130 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1844లో తయారైన ఒక పసుపుపచ్చని పొడి 1978లో మందుగా ఆమోదం పొందింది. మధ్యలో 120 ఏళ్ల పాటు దానితో ప్రాణాలు కాపాడవచ్చని ఎవరికీ తట్టలేదు. చివరికి కనిపెట్టిన మనిషి క్యాన్సర్ వైద్యుడు కాదు, రసాయన శాస్త్రవేత్త కూడా కాదు. ఆయన భౌతిక శాస్త్రవేత్త. ఆయన వెతికింది కూడా మందు కోసం కాదు.

ఇదంతా అదృష్టం అని చాలామంది అంటారు. అది ఎంతవరకు నిజమో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1960 నాటికి క్యాన్సర్ మందులు

ముందుగా ఆనాటి పరిస్థితి తెలుసుకోవాలి. క్యాన్సర్‌కు అప్పటికి ప్రధానంగా రెండే దారులు: కత్తితో కోసి తీసెయ్యడం, రేడియేషన్‌తో కాల్చడం. వ్యాధి ఒక చోట నుంచి మరో చోటికి పాకితే ఈ రెండూ చాలవు. రక్తంలో కలిసి శరీరమంతా తిరిగే మందు కావాలి. అలాంటి మందుల వాడకం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైంది. యుద్ధ విషవాయువుల కోవకు చెందిన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో లింఫ్ గ్రంథుల క్యాన్సర్ రోగికి ఇచ్చి చూశారు. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఎమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల రక్తక్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని ప్రకటించాడు. ఆ మందును తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ మందులన్నీ కర్బన రసాయనాలే. లోహాల జోలికి వెళ్లడానికి వైద్యులు భయపడేవారు. కారణం లేకపోలేదు. సీసం, పాదరసం, ఆర్సెనిక్ చేసే హాని అందరికీ తెలిసిందే. 1910లో పాల్ ఎర్లిష్ ఆర్సెనిక్ సమ్మేళనమైన సాల్వర్సాన్‌ను సిఫిలిస్ వ్యాధికి మందుగా ఇచ్చి పేరు తెచ్చుకున్నాడు గాని, పెన్సిలిన్ రాగానే అది మూలపడింది. బరువైన లోహాలంటే విషాలేననే భావం మాత్రం మిగిలింది.

ఇక ప్లాటినం సంగతి వేరు. అది ఉత్కృష్ట లోహం. తుప్పు పట్టదు, ఆమ్లాలకు సులభంగా లొంగదు. అందుకే ప్రయోగశాలల్లో ఎలక్ట్రోడ్లు దానితో చేస్తారు. అది దేనితోనూ కలవదు, ప్రయోగాన్ని పాడుచేయదు అని అందరి నమ్మకం. మన కథ అంతా ఆ నమ్మకం తప్పడంలోనే ఉంది.

అయస్కాంతాన్ని తలపించిన కణం

బార్నెట్ రోసెన్‌బర్గ్ 1926లో న్యూయార్క్‌లో పుట్టాడు. భౌతిక శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. 1961లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడ జీవభౌతిక శాస్త్ర విభాగాన్ని నెలకొల్పడంలో పాలుపంచుకున్నాడు.

కణ విభజన జరిగేటప్పుడు కణం లోపల కండె తంతువులు ఏర్పడతాయని మీకు తెలుసు. రెండు ధ్రువాల నుంచి బయలుదేరి మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే ఆ తంతువుల సూక్ష్మదర్శిని చిత్రం రోసెన్‌బర్గ్ కంటపడింది. భౌతిక శాస్త్రవేత్తకు అందులో మరొకటి కనిపించింది. దండాయస్కాంతం మీద కాగితం పెట్టి ఇనుప రజను చల్లితే వచ్చే ఆకారం కూడా అచ్చం అలాగే ఉంటుంది. కణ విభజనలో విద్యుత్, అయస్కాంత బలాలకు ఏదైనా పాత్ర ఉందా? బయటి నుంచి విద్యుత్ క్షేత్రాన్ని కలిగిస్తే విభజన మారుతుందా? ఆయన ఇలా ప్రశ్నించుకున్నాడు.

పోలికను చూసి వేసుకున్న ఈ ప్రశ్న ఆయనను మరో దారిలోకి తీసుకువెళ్లింది. అయినా దాన్ని ప్రయోగంతో పరీక్షించవచ్చు. శాస్త్రంలో ప్రశ్నకు ఉండవలసిన మొదటి లక్షణం అదే.

దారాల్లా పెరిగిన బాక్టీరియా

జంతు కణాలతో ప్రయోగం చేసే ముందు పరికరం సరిగా పనిచేస్తున్నదో లేదో చూడాలి. అందుకు పెంచడానికి తేలికైన ఇ.కోలై బాక్టీరియాను ఎంచుకున్నారు. గాజు పాత్రలో పోషక ద్రావణం, అందులో బాక్టీరియా, రెండు ప్లాటినం ఎలక్ట్రోడ్లు. ఒక పక్క నుంచి కొత్త ద్రావణం వస్తుంటే మరో పక్క నుంచి పాతది బయటికి పోతుంది. ఈ పనిలో సూక్ష్మజీవుల నిపుణురాలు లొరెటా వాన్ క్యాంప్, పరిశోధక విద్యార్థి థామస్ క్రిగాస్ రోసెన్‌బర్గ్‌కు తోడుగా ఉన్నారు.

ఏకాంతర విద్యుత్తు పంపారు. కొంతసేపటికి పాత్రలో బాక్టీరియా సాంద్రత పడిపోయింది. చచ్చిపోయాయేమో అనుకుని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. బాక్టీరియా చావలేదు. పొట్టి కడ్డీల్లా ఉండవలసినవి పొడవైన దారాల్లా పెరిగిపోయాయి. కొన్ని మామూలు పొడవుకు 300 రెట్ల వరకు సాగాయి. అంటే అవి పెరుగుతున్నాయి గాని విడిపోవడం లేదు. పెరుగుదల సాగుతూ విభజన మాత్రమే ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అనుకున్న ఫలితం వచ్చేసింది! విద్యుత్ క్షేత్రం కణ విభజనను ఆపుతుందేమో అని వెతుకుతున్నారు, ఆగింది. మరొకరైతే వెంటనే పత్రం రాసి పంపేవారు. రోసెన్‌బర్గ్ బృందం తన ఊహనే అనుమానించింది. విద్యుత్తు పోయేటప్పుడు ద్రావణంలో ఇంకా ఎన్నో మార్పులు వస్తాయి కదా! వాటిలో ఏది కారణం? ఉష్ణోగ్రతా? ఆమ్లత్వమా? ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షించి పక్కన పెట్టారు. తరువాత నిర్ణయాత్మకమైన ప్రయోగం చేశారు. బాక్టీరియా లేకుండా వట్టి ద్రావణంలోకి విద్యుత్తు పంపారు. విద్యుత్తు ఆపేసిన తరువాత ఆ ద్రావణంలో బాక్టీరియాను వేశారు. అవి అప్పుడూ దారాల్లానే పెరిగాయి.

దీనితో విషయం తేలిపోయింది. కారణం విద్యుత్ క్షేత్రం కాదు. విద్యుద్విశ్లేషణ వల్ల ద్రావణంలో పుట్టిన ఏదో రసాయనం. ఏమీ చేయదనుకున్న ప్లాటినం ఎలక్ట్రోడ్ అతి స్వల్పంగా కరుగుతోంది. పది లక్షల భాగాల్లో పది భాగాలకు మించని ఆ ప్లాటినమే బాక్టీరియా విభజనను ఆపుతోంది. 1965లో ఈ ముగ్గురి పేరుతో నేచర్ పత్రికలో పత్రం వెలువడింది. రోసెన్‌బర్గ్ తన మొదటి ఊహ తప్పని తానే నిరూపించుకున్నాడు. ఆ తప్పు నుంచే మందు పుట్టింది.

పసుపుపచ్చని పాత ఉప్పు

ద్రావణంలో ఉన్నది ఏ ప్లాటినం సమ్మేళనం? ఈ చిక్కు విప్పడానికి రసాయన శాస్త్రవేత్త కావాలి. బ్రిటన్ నుంచి వచ్చిన ఆండ్రూ థామ్సన్ ఆ పనిలో సాయపడ్డాడు. పోషక ద్రావణంలో అమ్మోనియం క్లోరైడ్ ఉంది. కరిగిన ప్లాటినం మొదట ఆరు క్లోరైడ్లతో కూడిన అయానుగా మారుతోంది. అయితే ఆ లవణాన్ని అప్పటికప్పుడు కలిపి వేస్తే బాక్టీరియా దారాలుగా మారలేదు. ద్రావణాన్ని వెలుతురులో కొంతకాలం ఉంచితేనే ఆ గుణం వచ్చింది. కాంతి పడినప్పుడు ప్లాటినం చుట్టూ ఉన్న క్లోరైడ్ల స్థానంలోకి అమోనియా అణువులు వచ్చి చేరుతున్నాయి. చివరికి విద్యుదావేశం లేని తటస్థ సమ్మేళనాలు ఏర్పడుతున్నాయి. పనిచేస్తున్నవి అవే.

వాటిలో ఒకదాని నిర్మాణం చాలా సులువు. మధ్యలో ఒక ప్లాటినం, దాని చుట్టూ చతురస్రం నాలుగు మూలల్లో రెండు అమోనియాలు, రెండు క్లోరైడ్లు. దీన్ని రెండు రకాలుగా అమర్చవచ్చు. ఒకే రకం లైగాండ్లు పక్కపక్కన ఉంటే సిస్ రూపం, ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్ రూపం. రెండింటిలో ఉన్న పరమాణువులు అవే, వాటి సంఖ్య అంతే. సిస్ రూపం బాక్టీరియా విభజనను ఆపింది. ట్రాన్స్ రూపం ఆపలేదు. క్షేత్ర సాదృశ్యం గురించి పుస్తకంలో చదివే తేడా ప్రాణం మీదికి వస్తే ఎంత పెద్దదో ఇక్కడ తెలుస్తుంది.

విచిత్రం ఏమిటంటే ఈ సిస్ రూపం కొత్తది కాదు. 1844లో జర్మనీలోని గీసెన్‌లో, లీబిగ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఇటలీ శాస్త్రవేత్త మిచెలే పెయ్రోనే దాన్ని తయారుచేశాడు. పెయ్రోనే క్లోరైడ్ అనే పేరుతో అది రసాయన గ్రంథాల్లో ఉండిపోయింది. ఒకే సంఘటనం గల రెండు వేర్వేరు ఉప్పులు ఎలా ఉంటాయన్న సందేహానికి 1893లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ జవాబు చెప్పాడు. ప్లాటినం చుట్టూ ఉన్న అమరికలోనే తేడా ఉందన్నాడు. మీ సమన్వయ సమ్మేళనాల పాఠం మొదట్లో కనిపించే వెర్నర్ ఈయనే. ఆ సిద్ధాంతానికి ఆయనకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే పదార్థం తెలుసు, నిర్మాణం తెలుసు. జీవకణం మీద అది ఏం చేస్తుందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

ఎలుకలు కోలుకున్నాయి

రోసెన్‌బర్గ్ తర్కం సూటిగా సాగింది. అదుపు లేకుండా కణాలు విభజన చెందడమే క్యాన్సర్. ఈ సమ్మేళనం కణం పెరుగుదలను అంతగా దెబ్బతీయకుండా విభజనను ఆపుతోంది. అలాంటప్పుడు కణితి మీద ప్రయోగించి చూస్తే? 1968లో సార్కోమా 180 అనే కణితి ఉన్న ఎలుకలకు సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. కణితులు కుంచించుకుపోయి మాయమయ్యాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ కూడా వేరొక రకం ఎలుకల క్యాన్సర్ మీద దాని ప్రభావాన్ని నిర్ధారించింది. 1969లో వాన్ క్యాంప్, ట్రోస్కో, మన్సూర్‌లతో కలిసి రోసెన్‌బర్గ్ నేచర్‌లో మరో పత్రం ప్రకటించాడు. ప్లాటినం సమ్మేళనాలు క్యాన్సర్‌ను ఎదిరించే కొత్త తరగతి మందులని అందులో ప్రతిపాదించాడు.

మందును కాపాడిన ఉప్పునీరు

1970ల ఆరంభంలో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. కొందరిలో కణితులు తగ్గాయి. కాని మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చెవులు వినపడకుండా పోవడం, కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు కనిపించాయి. వాంతులైతే రోగులు భరించలేనంత తీవ్రంగా ఉండేవి. బరువైన లోహం విషమేనన్న పాత భయం నిజమైనట్లు కనిపించింది. ఈ మందును పక్కన పెట్టేయాలన్న మాట కూడా వచ్చింది.

దాన్ని నిలబెట్టింది చాలా మామూలు ఉపాయం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్-కెట్టరింగ్ ఆస్పత్రి వైద్యులు మందు ఇచ్చే ముందూ తరువాతా రోగికి సిరలోకి ధారాళంగా సెలైన్ ఎక్కించారు. మూత్రం ఎక్కువగా రావడానికి మానిటాల్ అనే మందు కూడా కలిపారు. మూత్రపిండాల్లో మందు ఎక్కువసేపు నిలవకుండా కొట్టుకుపోయింది. హాని బాగా తగ్గింది. ఈ ఫలితాలు 1977లో వెలువడ్డాయి. నేటికీ సిస్‌ప్లాటిన్ ఇచ్చే ప్రతి ఆస్పత్రిలో సెలైన్ సీసా ముందుగా వేలాడేది ఇందుకే. వాంతులను అదుపు చేసే ఒండాన్‌సెట్రాన్ వంటి మందులు 1990ల మొదట్లో వచ్చాయి.

ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే యువ వైద్యుడు 1974లో మరో అడుగు వేశాడు. వృషణాల క్యాన్సర్ ఎక్కువగా యువకులకు వస్తుంది. అది ఊపిరితిత్తులకు పాకితే ఆ రోజుల్లో నూటికి పదిమంది కూడా బతికేవారు కాదు. ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌తో మరో రెండు మందులు కలిపాడు. ఒకటి జపాన్‌లో హమావో ఉమెజావా బృందం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన బ్లియోమైసిన్. రెండోది విన్‌బ్లాస్టిన్. అది మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిన మందు. వేరే మందులేవీ పనిచేయని స్థితిలో ఉన్న ఒక కాలేజీ విద్యార్థి ఈ మూడింటి కలయికతో పూర్తిగా కోలుకున్నాడు. 1977లో ప్రకటించిన తొలి 50 మంది రోగుల ఫలితాల్లో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమందిలో వ్యాధి జాడలు కనబడకుండా పోయాయి. 1978 డిసెంబరు 19న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ సిస్‌ప్లాటిన్‌ను ఆమోదించింది. నేడు శరీరంలో పాకిన వృషణాల క్యాన్సర్ కూడా నూటికి 80 మందిలో నయమవుతోంది.

ఎలా పనిచేస్తుంది?

రసాయన శాస్త్రం చదివేవారికి ఇక్కడ మంచి పాఠం ఉంది. రక్తంలో క్లోరైడ్ అయానులు ఎక్కువ. కాబట్టి సిస్‌ప్లాటిన్‌లోని క్లోరైడ్లు విడిపోకుండా అలాగే ఉంటాయి. లె షాటెలియర్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. మందును సెలైన్‌లోనే కలపడానికీ కారణం ఇదే. కణం లోపల క్లోరైడ్ చాలా తక్కువ. అక్కడికి చేరగానే క్లోరైడ్లు ఊడిపోయి వాటి స్థానంలో నీటి అణువులు వస్తాయి. నీటిని సులభంగా తోసేయవచ్చు. అప్పుడు ప్లాటినం వెళ్లి డి.ఎన్.ఎ.లోని గ్వానిన్ క్షారాలను పట్టుకుంటుంది.

రెండు క్లోరైడ్లు పక్కపక్కన ఉండేవి కాబట్టి ప్లాటినానికి పక్కపక్కన రెండు చేతులు ఖాళీ అవుతాయి. ఒకే పోగులో పక్కపక్కన ఉన్న రెండు గ్వానిన్లను అది గట్టిగా బిగిస్తుంది. డి.ఎన్.ఎ. మెట్లదారి అక్కడ వంగిపోతుంది. కణం దాన్ని సరిచేయలేకపోతే తనంతట తానే చనిపోతుంది. ట్రాన్స్ రూపానికి ఖాళీ అయ్యే చేతులు ఎదురెదురుగా ఉంటాయి. పక్కపక్కన ఉన్న గ్వానిన్లను అది పట్టుకోలేదు. ఇలా వంగిన డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని 1995లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో స్టీఫెన్ లిప్పార్డ్ బృందం స్ఫటిక చిత్రంగా చూపించింది. అంటే మందు వాడకంలోకి వచ్చిన పదిహేడేళ్లకు గాని దాని పట్టు ఎలా ఉంటుందో కంటికి కనిపించలేదు.

ఆస్పత్రి నర్సులకు తెలిసిన మరో సంగతి కూడా చెప్పుకోవాలి. సిస్‌ప్లాటిన్‌కు అల్యూమినియం తగలనివ్వరు. అల్యూమినియం ప్లాటినంతో చర్య జరిపి మందును పాడుచేస్తుంది. రోసెన్‌బర్గ్ ప్రయోగంలో జరిగినట్లే ఇక్కడా పరికరంలోని లోహం ఊరికే ఉండదు.

తరువాతి తరం

సిస్‌ప్లాటిన్ నిర్మాణంలో చిన్న మార్పులు చేసి హాని తగ్గించే ప్రయత్నాలు సాగాయి. బ్రిటన్ పరిశోధకులు అభివృద్ధి చేసిన కార్బోప్లాటిన్ 1989లో అమెరికాలో ఆమోదం పొందింది. ఇది మూత్రపిండాలకు చేసే హాని తక్కువ. జపాన్‌లో నగోయా నగర విశ్వవిద్యాలయానికి చెందిన యోషినోరి కిదాని 1970లలో రూపొందించిన ఆక్సాలిప్లాటిన్ పెద్దపేగు క్యాన్సర్‌కు ముఖ్యమైన మందయింది. 1996లో ఫ్రాన్స్‌లో, 2002లో అమెరికాలో దాన్ని ఆమోదించారు. వేలాది ప్లాటినం సమ్మేళనాలు పరీక్షకు వచ్చినా ప్రపంచమంతటా స్థిరపడినవి ఈ మూడే.

ఇతర లోహాలనూ పరీక్షించారు. రుథేనియం సమ్మేళనాలు ఇటలీ, ఆస్ట్రియా ప్రయోగశాలల నుంచి రోగుల వరకు వచ్చాయి గాని మందుగా నిలవలేదు. టైటానియం సమ్మేళనమూ అంతే. చైనాలోని హార్బిన్ వైద్యుల కృషితో ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ మాత్రం ఒక రకం రక్తక్యాన్సర్‌కు అద్భుతమైన మందుగా రుజువై, 2000లో అమెరికాలో ఆమోదం పొందింది. ప్లాటినం విజయం లేకపోతే ఈ లోహాల వైపు ఇంతమంది చూసేవారు కాదు.

మన దేశంలో

2011 ప్రపంచ కప్పులో ఉత్తమ క్రీడాకారుడిగా నిలిచిన యువరాజ్ సింగ్‌కు ఛాతీలో కణితి ఉందని ఆ తరువాత తేలింది. అది వృషణాల క్యాన్సర్ కుటుంబానికి చెందినదే. 2012లో ఇండియానాపోలిస్‌లో ఆయనకు కీమోథెరపీ జరిగింది. చూసిన వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్. అదే ఏడాది సెప్టెంబరులో యువరాజ్ తిరిగి భారత జట్టు తరఫున ఆడాడు. 1974లో ఐన్‌హార్న్ వేసిన అడుగు విలువ మనలో చాలామందికి అప్పుడు తెలిసింది.

అయితే మన దేశంలో ఈ మందు అసలు ఉపయోగం వేరే చోట ఉంది. పొగాకు నమలడం వల్ల వచ్చే నోటి క్యాన్సర్, స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఇక్కడ ఎక్కువ. ఈ రోగుల్లో పేదలు చాలామంది. వ్యాధి ముదిరాక ఆస్పత్రికి వస్తారు. రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ ఇస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మేలని 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ప్రకటించింది. ముదిరిన వ్యాధితో వచ్చే మన స్త్రీలకూ అది వర్తిస్తుందా? బలహీనంగా ఉన్న శరీరం ఆ మందును తట్టుకుంటుందా? ఈ ప్రశ్నలకు జవాబు మనమే వెతుక్కోవాలి. ముంబయిలోని టాటా స్మారక ఆస్పత్రి 850 మంది స్త్రీలతో ఈ పరీక్ష జరిపి 2018లో ఫలితాలు ప్రకటించింది. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో ఐదేళ్ల తరువాత 46 శాతం బతికి ఉంటే, సిస్‌ప్లాటిన్ కూడా తీసుకున్నవారిలో 54 శాతం బతికి ఉన్నారు. నూటికి ఎనిమిది మంది తేడా. చిన్న అంకెలా కనిపించవచ్చు. ఆ ఎనిమిది మంది ఎనిమిది ఇళ్లలో తల్లులు.

అదే ఆస్పత్రి తల, మెడ క్యాన్సర్ రోగులు 300 మందితో మరో ప్రశ్న పరీక్షించింది. మందును వారం వారం కొద్దికొద్దిగా ఇవ్వడం మేలా, మూడు వారాలకు ఒకసారి పెద్ద మోతాదు మేలా? వారం పద్ధతి తేలిక కాబట్టి చాలా ఆస్పత్రులు దాన్నే పాటించేవి. 2018లో వెలువడిన ఫలితం వేరుగా ఉంది. రెండేళ్లకు వ్యాధి ఆ చోట అదుపులో ఉన్నవారు వారం పద్ధతిలో 58.5 శాతం, మూడు వారాల పద్ధతిలో 73.1 శాతం. అయితే ఇక్కడ వారం మోతాదు చదరపు మీటరు శరీర వైశాల్యానికి 30 మిల్లీగ్రాములు. జపాన్‌లో శస్త్రచికిత్స అయిన రోగులకు వారానికి 40 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, పెద్ద మోతాదుకు అది తీసిపోదని 2022లో ప్రకటించారు. యాభై ఏళ్ల మందు గురించి కూడా ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి.

పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. మన కంపెనీలు చవకగా తయారుచేసి విదేశాలకు కూడా పంపుతున్నాయి. దీనితో బాధ్యత కూడా పెరిగింది. 2022 నవంబరులో గుజరాత్‌లోని ఒక కర్మాగారంలో అమెరికా తనిఖీదారులు నాణ్యతా లోపాలు కనిపెట్టారు. ఉత్పత్తి ఆగింది. అమెరికాలో వాడే సిస్‌ప్లాటిన్‌లో దాదాపు సగం అక్కడి నుంచే వెళ్లేది. ఫలితంగా 2023లో అమెరికా ఆస్పత్రులు ఈ మందును ఏ రోగికి ఇవ్వాలి, ఏ రోగికి ఆపాలి అని ఎంచుకోవలసి వచ్చింది. ప్రయోగశాలలో ఎంత శ్రద్ధ కావాలో కర్మాగారంలోనూ అంతే శ్రద్ధ కావాలని ఈ సంఘటన చెబుతుంది.

ఒక అపోహ

ఈ కథ విన్న విద్యార్థులు కొందరు, లోహాలు మందులైతే లోహ భస్మాలు కూడా క్యాన్సర్‌ను నయం చేస్తాయి కదా అని అడుగుతారు. సిస్‌ప్లాటిన్ చరిత్ర అలా చెప్పదు. ఉంగరంలోని ప్లాటినం ఏ కణితినీ తగ్గించదు. అదే ప్లాటినం, అవే అమోనియాలు, అవే క్లోరైడ్లు ఉన్నా ట్రాన్స్ రూపం పనిచేయలేదు. నిర్మాణం సరిగ్గా తెలిసి, మోతాదు కొలిచి, హాని ఎంతో లెక్కగట్టి, రోగుల మీద పోల్చి చూశాకే అది మందయింది. ఇంత చేసినా అది పిల్లల వినికిడిని దెబ్బతీస్తూనే ఉంది. దాన్ని తగ్గించడానికి సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్‌ను అమెరికాలో 2022లో గాని ఆమోదించలేదు. కాబట్టి మందు పేరుతో ఎవరేమిచ్చినా, దీన్ని ఎవరు, ఎలా పరీక్షించారు అని అడగడం మన హక్కు.

ముగింపు

బార్నెట్ రోసెన్‌బర్గ్ 2009లో కన్నుమూశాడు. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. ఆయన మందు మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది.

మొదట వేసుకున్న ప్రశ్నకు తిరిగి వద్దాం. ఇది అదృష్టమేనా? ఎలక్ట్రోడ్లు ప్లాటినంవి కావడం, ద్రావణంలో అమ్మోనియం క్లోరైడ్ ఉండడం, దాని మీద వెలుతురు పడడం అదృష్టమే. కాని ప్లాటినం ఎలక్ట్రోడ్లు అంతకు ముందు ఎన్నో ప్రయోగశాలల్లో ఉన్నాయి. బాక్టీరియా దారాలుగా మారితే, కల్చర్ పాడైందని పారబోసి కొత్తది పెట్టుకోవడం తేలిక. వాన్ క్యాంప్, క్రిగాస్, రోసెన్‌బర్గ్ ఆ పాత్రను పారబోయలేదు. తమకు అనుకూలంగా వచ్చిన ఫలితాన్ని కూడా నమ్మకుండా కారణాలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోయారు. ఆ తరువాత పెయ్రోనే ఉప్పు, వెర్నర్ సిద్ధాంతం, న్యూయార్క్ వైద్యుల సెలైన్, ఐన్‌హార్న్ మూడు మందుల కలయిక, ముంబయి ఆస్పత్రిలో పరీక్షకు ఒప్పుకున్న స్త్రీల సహకారం అన్నీ కలిస్తేనే ఆ పసుపుపచ్చని పొడి మందుగా నిలబడింది.

రేపు మీ కళాశాల ప్రయోగశాలలో అనుకోని ఫలితం వచ్చినప్పుడు, రికార్డు పుస్తకంలో రావలసిన విలువ రాసేసి ముందుకు పోవాలనిపిస్తుంది. అలా రాసే ముందు వచ్చిన విలువను కూడా పక్కన రాయండి. ఎందుకు వచ్చిందో ఒక్కసారి మళ్లీ చేసి చూడండి. ఎక్కువసార్లు మన పొరపాటే బయటపడుతుంది. అయినా అది తెలుసుకోవడం కూడా శాస్త్రమే.